మళ్ళీ వచ్చిన బొమ్మలు

పోయిన ఆదివారం అమ్మని తీసుకెళ్ళి శివ చూసొచ్చాను. 1989లో వచ్చిన సినిమాని 4కేలోకి మార్చి, సౌండ్ అంతా డాల్బీ అట్మాస్‌లో కొత్తగా చేసి ఈ 2025 నవంబర్ 14న మళ్ళీ విడుదల చేశారు కదా, మాట్నీకి మూడు టికెట్లు దొరికాయి, అమ్మకీ నాకూ మా అమ్మాయికీ. శివ గురించి నాలుగు మాటలు రాద్దామనే కూర్చున్నాను గానీ, ఈ ఏడాదిన్నరలో అమ్మతో కలిసి చూసినవన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొస్తున్నాయి. వచ్చినవి వచ్చినట్టే రాస్తాను.

మాది రేపల్లె దగ్గర ఒక పల్లెటూరు. ఆ రోజుల్లో కొత్త సినిమా ముందు గుంటూరులోనూ తెనాలిలోనూ ఆడి, ఆ తర్వాతెప్పుడో రేపల్లె వచ్చేది. శివ వచ్చేసరికి సంక్రాంతి దాటిపోయింది, నాకప్పుడు పదేళ్ళు. మా పెద్దమ్మ కొడుకు తెనాలిలో ఇంటర్ చదివేవాడు, అన్నయ్య అప్పటికే రెండుసార్లు చూసేసి ఊళ్ళో పిల్లలందరికీ కథ మొత్తం చెప్పేశాడు. శివ సైకిల్ గొలుసు లాగి తీసే ఆ సీను చెప్పడంతో ఆగలేదు, మా ఇంటి ముందు వేపచెట్టు కింద సైకిల్ పడుకోబెట్టి ఒకరి తర్వాత ఒకరు లాగడం మొదలుపెట్టారు. అది తెగదు. ఎంత లాగినా చక్రం పళ్ళ మీంచి ఊడొస్తుంది అంతే, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద నల్లటి గ్రీజు ఇరుక్కుపోతుంది. నాన్న పొలం నుంచి వచ్చి చూసి ఒక్క మాట కూడా అనకుండా లోపలికెళ్ళి కిరసనాయిల్లో ముంచిన గుడ్డ తెచ్చి, ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని వేలు వేలూ తుడిచాడు. నాన్న అంతే, మాటలు చాలా తక్కువ.

ఇప్పుడు చూస్తే గొలుసు లాగడం కంటే, దానికి ముందు నాగార్జున ఏమీ మాట్లాడకుండా నిలబడి ఉండే ఆ కాస్త టైమ్ నాకు ఎక్కువ నచ్చింది. హాలంతా ఊపిరి బిగబట్టి ఉంది, ఆ సీను రాబోతోందని తెలిసినా సరే. రఘువరన్ భవానీగా గొంతు పెంచడు, నవ్వడు, మామూలుగా మనింటికి వచ్చి కూర్చున్న మనిషిలా మాట్లాడుతూనే భయపెడతాడు. చిన్నప్పుడు మాకు తెలిసిన విలన్లు వేరు, దద్దరిల్లేలా నవ్వేవాళ్ళు, ఎర్రలైట్లు వెలిగే డెన్‌లు ఉండేవి వాళ్ళకి. ఇందులో అడుగుల చప్పుడు వినిపిస్తుంది, తలుపు కిర్రుమనడం వినిపిస్తుంది, తనికెళ్ళ భరణి రాసిన మాటలు కాలేజీ బయట టీ బంకు దగ్గర వినే మాటల్లాగే ఉంటాయి. ఇప్పటి సినిమాల్లో రెండున్నర గంటలూ చెవులు పగిలేలా వాయిస్తున్నారు, ఎక్కడా ఒక్క నిమిషం నిశ్శబ్దం ఉండనివ్వరు, శివ చూసొచ్చాక ఆ విషయం మీద నాకు నిజంగా బాధేసింది. మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, మనుషుల వెనకే కుదుపు లేకుండా పరిగెత్తే ఆ స్టెడీక్యామ్ షాట్ల గురించి దారంతా మాట్లాడుతూనే ఉంది.

అమ్మకి మాత్రం నచ్చలేదు. శివ అన్న కూతురు, ఆ పాప చచ్చిపోయే దగ్గరకొచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఇక తర్వాత తెర వైపు సరిగ్గా చూడనే లేదు. ఇంటికొచ్చాక అంది, "పసిదాన్ని చంపకపోతే వాళ్ళకి కథ నడవదా ఏందే?" అని. నేను వాదించలేదు. అమ్మ ఆ మాట ఊరికే అనదు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

అమ్మ రెండో తరగతితో బడి మానేసిన మనిషి. అక్షరాలు, గుణింతాలు వచ్చు, వత్తులు రావు. ఆమెకి చదవడం వచ్చింది పాటల పుస్తకాల వల్ల. సినిమా హాళ్ళ బయట అమ్మేవాళ్ళు, గుర్తుందా? గులాబీ రంగువో పసుపువో పల్చటి కాగితాలు మడిచి పిన్ను కొట్టి, అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మ, లోపల నటీనటుల పేర్లు, సగం కథ రాసి సరిగ్గా ఉత్కంఠగా ఉన్న చోట "తరువాత ఏమైందో వెండితెరపై చూడండి" అని ఆపేసి, ఇక అక్కణ్ణుంచి పాటలు. పెళ్ళైన కొత్తలో నాన్న ఏ సినిమాకి తీసుకెళ్ళినా ఒక పుస్తకం కొనిచ్చేవాడట. పాట అమ్మకి అప్పటికే నోటికి వచ్చు, రేడియోలో వినీ వినీ. అందుకని పాట నెమ్మదిగా పాడుకుంటూ అక్షరం మీద అక్షరం వేలు జరుపుకుంటూ పోయేది, ఏ శబ్దం దగ్గర ఏ వత్తు ఉందో అట్లా పట్టేసింది. ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ అమ్మ పేపర్ చదువుతుంటే చూపుడువేలు కదులుతూనే ఉంటుంది, పెదాలు కూడా, పాట పాడుతున్నట్టే ఉంటుంది చూసేవాళ్ళకి.

ఆ పుస్తకాల కట్ట ట్రంకు పెట్టెలో ఇంకా ఉంది. సగానికి పైగా ఒకదానికొకటి అంటుకుపోయాయి, గులాబీ రంగు దిగి పక్క పుస్తకానికి పట్టేసింది. అవి 1990లో తడిసినవి.

పోయిన ఏడాది ఆహా ఓటీటీలో 35 చిన్న కథ కాదు సినిమా పెట్టాను ఒక రాత్రి, అమ్మ చూస్తుందో లేదో అనుకుంటూనే. తిరుపతిలో బస్ కండక్టర్ భార్య, పదో తరగతి తప్పిన మనిషి, లెక్కలు రాని కొడుకు కోసం మళ్ళీ పుస్తకం పట్టుకుంటుంది. ఆ పిల్లాడికి వచ్చిన అనుమానం చాలా మంచిది, సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎట్లా అవుతుంది అని. బళ్ళో దాన్ని అనుమానంగా చూడరు, తలతిక్క అంటారు. అమ్మ అక్కడ ఆపించి, "వాడడిగిన దాంట్లో తప్పేముంది? నాకు వత్తులూ అంతే. ఈ గీత ఎందుకమ్మా ఇక్కడ అంటే చెప్పేవాళ్ళే లేరు, బెత్తం పుచ్చుకునే వాళ్ళే గానీ" అంది. నివేదా థామస్ ఆ తల్లి వేషంలో ఎంత బాగా చేసిందంటే, పుస్తకం ముందు కూర్చుని మొగుడికి కనబడకుండా మొహం తిప్పుకునే ఇల్లాళ్ళు నాకు తెలిసినవాళ్ళే నలుగురు గుర్తొచ్చారు. సినిమా కాస్త పొడవు, లెక్కల మాస్టారిని ఇంకొంచెం ముందుగా మనిషిని చేసి ఉండాల్సింది అనిపించింది. అయినా ఈ మధ్య ఇంట్లో కూర్చుని ఫోన్ ముట్టుకోకుండా మేం ముగ్గురం చూసిన సినిమా అదొక్కటే.

బలగం కూడా అమ్మ ఇక్కడ హైదరాబాద్ వచ్చాకే చూసింది, 2023లో వచ్చినప్పుడు ఊళ్ళో ఉంది. పిండం కాకి ముట్టకపోతే ఇంటిల్లిపాదీ పడే ఆరాటం తెలంగాణాలో అయినా మా వైపు అయినా ఒకటే, అమ్మకి యాస దగ్గర ఒకటి రెండు చోట్ల మా అమ్మాయి అర్థం చెప్పాల్సి వచ్చింది గానీ ఏడుపు దగ్గర ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ సినిమాని తెలంగాణ ఊళ్ళల్లో తెర కట్టి ఊరంతా కూర్చుని చూశారని చెప్తే అమ్మ మొహం వెలిగిపోయింది. "అట్లా చూడాలే సినిమా, చాప తీసుకుపోయి" అంది.

ఈ ఏప్రిల్‌లో ఆదిత్య 369 వచ్చింది మళ్ళీ. దాని మీద నాకు పక్షపాతం ఉంది, చెప్పేస్తున్నాను. 1991లో తెనాలిలో మా మేనమామ ఇంటికెళ్ళినప్పుడు చూశాం. టైమ్ మెషీన్ 1526కి వెళ్తుంది, కృష్ణదేవరాయల కాలానికి. అక్కడ చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడిగా కనబడగానే హాల్లో లేచిన ఈల ఉంది చూడండి, బాలకృష్ణ రాయలవారిగా వచ్చినప్పుడు కూడా అంత రాలేదు. మా ఊరివాడు కదా మరి! మా మావయ్య కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, నాన్న చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. ఈసారి హైదరాబాద్ హాల్లో అదే చోట నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను, పక్క సీట్లో కుర్రాడు తిరిగి చూసి తనూ కొట్టాడు, ఎందుకో తెలియకుండానే, వాడికి పుణ్యముంటుంది.

ఈ సినిమా డైరెక్టర్ సింగీతం శ్రీనివాసరావు గారు, మాయాబజార్ తీసిన కేవీ రెడ్డి గారి దగ్గర పనిచేసిన మనిషి. అది తెలిశాక చూస్తే ఆదిత్యలో కనబడే ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమవుతుంది. కంప్యూటర్ అంటే ఏంటో మా వైపు పదిమందికి కూడా తెలియని రోజుల్లో కాలంలో వెనక్కీ ముందుకీ తిప్పి, ఎక్కడా జనాన్ని తికమక పెట్టకుండా, జంధ్యాల మాటలతో నవ్విస్తూ తీసుకెళ్ళాడు. భవిష్యత్తులోకి వెళ్ళే భాగం ఇప్పుడు చూస్తే సెట్టింగులు తేలిపోయాయి, అట్టలు అట్టల్లాగే కనబడుతున్నాయి, మా అమ్మాయి అదే అంది. కానీ రాయలవారి ఆస్థానంలో ఆ నాట్యం పాటకి జిక్కి గారి గొంతు వినబడగానే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె చిన్నప్పుడు రేడియోలో విన్న గొంతు, అన్నేళ్ళ తర్వాత ఇళయరాజా పిలిచి పాడించిన గొంతు.

మాయాబజార్ అంటే ఒకటి గుర్తొచ్చింది. 2010లో దానికి రంగులద్ది విడుదల చేసినప్పుడు నాన్నని గుంటూరు తీసుకెళ్ళాను. అందరూ బాగుంది బాగుంది అంటున్నారు, నాకూ బాగానే ఉంది. నాన్న మాత్రం బయటికొచ్చాక టీ తాగుతూ, "ఆ వెన్నెలకి రంగెందుకమ్మాయ్" అన్నాడు. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే తీసిన ఆ పడవ పాట గురించి. నాన్న ఒక సినిమా మీద నాతో చెప్పిన అభిప్రాయం జీవితంలో అదొక్కటే. ఇంకో నాలుగేళ్ళకి పోయాడు.

ఇక మే నెలలో జగదేక వీరుడు అతిలోక సుందరి. దీని గురించి రాయాలంటే 1990కి వెళ్ళాలి.

ఆ సినిమా విడుదలైంది మే 9న. మా కృష్ణా తీరాన్ని తుపాను కొట్టింది కూడా సరిగ్గా అదే రోజు. రెండు రోజుల ముందు నుంచే రేడియోలో చెప్తున్నారు, జీపుల్లో వచ్చి ఊళ్ళు ఖాళీ చేయిస్తున్నారు, 77లో జరిగింది ఎవరికీ మరుపు రాలేదు కాబట్టి ఈసారి జనం కూడా కదిలారు. అమ్మ పుట్టిల్లు నాగాయలంక వైపు. 1977 నవంబర్ 19 ఉప్పెనలో వాళ్ళ నాయనమ్మా, ఆఖరి చెల్లెలూ పోయారు. చెల్లెలికి ఆరేళ్ళు. అమ్మ అప్పటికి పెళ్ళై ఇవతలి ఒడ్డున ఉంది, పెనుమూడి రేవు దాటి వెళ్ళడానికి ఎన్నో రోజులు పట్టింది, వెళ్ళాక చూడటానికి కూడా ఏమీ లేదు. అప్పట్నుంచీ గాలి కాస్త గట్టిగా వీస్తే అమ్మ లేచి కూర్చునేది. చిన్నప్పుడు వాన రాత్రుళ్ళు నాకు మెలకువ వచ్చినప్పుడల్లా గోడకి ఆనుకుని కూర్చున్న అమ్మే కనబడేది.

నాన్న మమ్మల్ని, అంటే అమ్మనీ నన్నూ తమ్ముణ్ణీ, తెనాలి రైలెక్కించి తను గేదెల కోసం, తోట కోసం ఉండిపోయాడు. ఎకరం అరటి తోట, గెలలు దిగడానికి సిద్ధంగా ఉంది. ఆ రాత్రి మావయ్య ఇంట్లో పెంకులు లేచిపోయిన చప్పుడు, కొబ్బరి చెట్లు విరిగిన చప్పుడు, అమ్మ మమ్మల్నిద్దర్నీ చెరో పక్కన పెట్టుకుని తెల్లార్లూ మేలుకుని ఉంది. నాన్న మూడో రోజు వచ్చాడు, కొంత నడిచీ కొంత ట్రాక్టర్ మీదా, మోకాళ్ళ దాకా బురద. "ఇల్లు నిలబడింది. తోట పోయింది" అన్నాడు. అంతే. ఆ తర్వాత మావయ్య ఇంటి అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

తర్వాత వారమో పది రోజులో గడిచాక మేం ఆ సినిమాకి వెళ్ళాం. కరెంటు ఇంకా రాలేదు, స్తంభాలన్నీ పడి ఉన్నాయి, హాలు వాళ్ళు జనరేటర్ పెట్టి ఆడిస్తున్నారు. జనరేటర్ బొమ్మ ఒక్కదాన్నే మోస్తుంది, ఫాన్లు తిప్పితే ఆగిపోతుందని ముందే చెప్పి టికెట్లిచ్చారు. గాలి కోసం తలుపులు తీసే ఉంచారు, డీజిల్ వాసన, దోమలు. నేల క్లాసులో తెర కింద నీళ్ళు నిలబడి ఉన్నాయి, అందుకని నేల టికెట్ వాళ్ళని కూడా బెంచీల్లోకి పంపారు, బెంచీకి ఏడుగురు ఎనిమిది మంది. మేం కుర్చీలో కూర్చున్నా కాళ్ళ కింద చెమ్మగానే ఉంది, అమ్మ చెప్పులు తీసి సంచిలో పెట్టి కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. ఆ నీళ్ళల్లో తెర బొమ్మ తలకిందులుగా కనబడేది, శ్రీదేవి తెల్లటి బట్టల్లో దిగొస్తుంటే కింద నీళ్ళల్లో ఇంకో శ్రీదేవి. నేను ఆ కింది బొమ్మనే చాలాసేపు చూశాను. మనుషులు ఇళ్ళు పోగొట్టుకుని, పంటలు పోగొట్టుకుని ఉన్న వారంలో ఆ హాలు నిండిపోయి ఉంది. ఇంటర్వెల్ తర్వాత వాన మొదలైంది, రేకుల మీద చప్పుడుకి అందరి తలలూ ఒక్కసారి పైకి లేచాయి, మాటలు వినబడలేదు కాసేపు. ఎవరూ లేచి వెళ్ళలేదు.

ముప్ఫై అయిదేళ్ళుగా నేను అనుకుంటున్నది ఏమిటంటే, గాలికి భయపడే అమ్మ మనసు మళ్ళించడానికి నాన్న మమ్మల్ని ఆ సినిమాకి తీసుకెళ్ళాడని. నా పిల్లకి కూడా అట్లాగే చెప్పాను, మీ తాతయ్య ఎంత మంచివాడో చూడు అని.

ఈ మే 9కి దాన్ని బాగుచేసి, త్రీడీలో కూడా మళ్ళీ విడుదల చేశారు. శనివారం వెళ్ళాం. అమ్మ కళ్ళజోడు మీద త్రీడీ కళ్ళజోడు పెట్టి వెనక నుంచి నేను సర్దాను. ముందు వరసల్లో కుర్రాళ్ళు, అప్పటికి పుట్టని వాళ్ళు, ప్రతి పాటకీ లేచి నిలబడి పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా పాడుతున్నారు, వేటూరి గారి మాట ఒక్కటి తప్పు పోకుండా, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సినిమా సంగతి చెప్పాలంటే, నాకిప్పుడు ఫైట్ల దగ్గర విసుగొచ్చింది, అమ్రిష్ పురి మంత్రగాడి భాగం కొంచెం తగ్గించొచ్చు. కానీ చిరంజీవి ఆ నలుగురు అనాథ పిల్లల్ని చూసుకునే ఇల్లు, కాలు బాగాలేని ఆ చిన్నపిల్ల కోసం మూలిక వెతుక్కుంటూ హిమాలయాలకి పోవడం, అదంతా ఇప్పటికీ కొత్తగానే ఉంది. అసలు ఎగిరే దేవకన్య కథ నిలబడిందే ఆ పిల్లల మీద. శ్రీదేవి గురించి నేనేం రాయను, మాటలు రావు.

ఇంటర్వెల్లో అమ్మకి కాఫీ తెచ్చిచ్చి, ఆ జనరేటర్ హాలు గుర్తుందా, నీ భయం పోగొట్టడానికి కదా నాన్న తీసుకెళ్ళాడు అన్నాను. అమ్మ నా వైపు వింతగా చూసింది.

"నా కోసమా? నేనెక్కడికి కదిలేదాన్నే ఆ గాలిలో? నేనే అడిగాను మీ నాన్నని. ఉపవాసం ఉన్నట్టు మాటా పలుకూ లేకుండా కూర్చున్నాడు ఆయన, అన్నం కలిపి అట్లాగే వదిలేసి లేచేవాడు. పురుగుమందు డబ్బాలున్న ఇంటికి ఆ మనిషిని తీసుకుపోవాలంటే నాకు భయమేసింది. సినిమా చూపించమని పోరు పెట్టాను. మావయ్య నన్ను తిట్టాడు కూడా, ఇంటి మీదికి ఇంత వస్తే దీనికి సినిమా కావాల్సొచ్చిందా అని. పడ్డాను."

నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. అన్నేళ్ళూ నాకు ఒక్క ముక్క చెప్పలేదు. వాన చప్పుడు రేకుల మీద పడుతుంటే కాళ్ళు ముడుచుకుని కూర్చున్న అమ్మ ఆ రోజు సినిమా చూడలేదట, చీకట్లో నాన్న మొహమే చూస్తూ కూర్చుందట. కథ తర్వాత టీవీలో చూసి తెలుసుకుందట.

"మరి నవ్వాడా నాన్న?" అనడిగాను.

"ఉండు, చెప్తాగా. అది అయిపోయింది ఇందాక, నువ్వు ఫోన్ చూసుకుంటుంటే. శ్రీదేవికి మన పద్ధతులు తెలియక బిక్కమొహం వేసుకుని చూస్తుంది చూడు, అక్కడ."

మా అమ్మాయి ఆ రాత్రి ఇంటికొచ్చాక యూట్యూబ్‌లో వెతికి టీవీకి పెట్టింది. ముందుకి జరిపింది, వెనక్కి జరిపింది, అమ్మ కాదు కాదు అంటూ వచ్చి, ఒక చోట చూపుడువేలు తెర వైపు పెట్టి ఆపింది.

"ఇదుగో. ఇక్కడ."

ముగ్గురం మళ్ళీ చూశాం. ఎంతసేపు నవ్వాడమ్మా అని అడిగాను.

"చాలాసేపు" అంది అమ్మ. "ముందు బెంచీ వాళ్ళు వెనక్కి తిరిగి చూసేంత."